బస్టాండు ఊడ్చే శిక్ష

మొన్న రాయగడలో కొత్త ప్రాసిక్యూటర్లకి శిక్షణ పెట్టి, రిటైరైనదాన్ని ఖాళీగానే ఉంటానని కాబోలు, నన్నూ పిలిచారు. జైలు కాకుండా వేరే శిక్షల గురించి ఒక గంట మాట్లాడమన్నారు. మాట్లాడాను. గెలిచిన కేసులు రెండు, కళ్ళు చెమర్చే కేసు ఒకటి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, టీ తాగి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాను. చెప్పాల్సిన కేసు చెప్పకుండా వచ్చానని నాకు తెలుసు. ముందు వరసలో కూర్చుని నా మాటలన్నీ నోట్సు రాసుకున్న పిల్లలూ, ఆ నోట్సు పక్కన పెట్టి ఇది చదవండి.

మా నాన్న రైల్వే గార్డు. పార్వతీపురం వైపు నుంచి బదిలీ మీద రాయగడ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కోర్టులో ఇంగ్లీషు, పోలీసులతో హిందీ. నాలుగు భాషల్లోనూ నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, తొందరపెట్టడం. సాక్షి ఆలస్యమైతే కుర్చీలో కూర్చోలేను, వరండాలో తిరుగుతాను. మేడమ్ చెప్పులకి వరండా సిమెంటు అరిగిపోతోంది, మరమ్మతుకి పైకి రాయాలని మా కోర్టు గుమాస్తా, పేష్కార్, అందరితో అనేవాడు.

ఉద్యోగం మొదట్లో కాశీపూర్‌లో ఉన్నప్పుడు ఒకాయనని చూశాను. అడవిలో ఒక చెట్టు కొట్టాడని పట్టుకొస్తే, బెయిలు పెట్టే దిక్కులేక నెలల తరబడి రిమాండులో ఉన్నాడు. చివరికి వదిలేశారు. ఇంటికి వెళ్ళేసరికి పశువులు లేవు, భార్య పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ కేసులో సర్కారు వకీలుని నేనే. అప్పటి నుంచి చిన్న నేరం, మొదటిసారి అంటే చాలు, మంచి నడవడి పూచీ తీసుకుని ప్రొబేషన్ మీద వదలమని నేనే లేచి చెప్పేదాన్ని. జీతం సర్కారుది, కొలువు ముద్దాయిది అని తోటి ప్రాసిక్యూటర్లు ఎగతాళి చేసేవారు. చేసుకోనీ అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ ఎగతాళి నాకు కొంచెం ఇష్టంగా కూడా ఉండేది.

ఈ పనిలో నాకు జోడీ ఒక ప్రొబేషన్ ఆఫీసరు. ఒడియా ఆయన, సన్నటి మనిషి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. శిక్ష వేసేముందు ముద్దాయి ఇల్లూ వాకిలీ చూసి కోర్టుకి రిపోర్టు ఇవ్వడం ఆయన పని. ఒక్కో రిపోర్టుకి వారం తీసుకునేవాడు. ముద్దాయి ఇంటికి వెళ్ళి, గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు అడిగేవాడు. నీళ్ళు ఎవరు తెచ్చారో, ఏ గ్లాసులో తెచ్చారో చూస్తే సగం రిపోర్టు అయిపోయినట్టే అని ఆయన లెక్క. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆలస్యం అమృతం విషం అనేది నా మతం, నిదానమే ప్రధానం అనేది ఆయన మతం. ఇన్నేళ్ళూ ఒకరి మతంలోకి ఒకరం మారకుండానే కలిసి పనిచేశాం.

నేను రిటైరవడానికి కొంచెం ముందు కొత్త నేర చట్టం వచ్చింది. చిన్న దొంగతనమై, మొదటిసారి అయి, వస్తువు తిరిగి ఇచ్చేస్తే ముద్దాయిని జైలుకి పంపక్కర్లేదు, సమాజ సేవ చేయించాలి అని అందులో రాశారు. ఆ పుట చదివిన రోజు నాకు పండగే. సర్వీసంతా దేన్నైతే బతిమాలుకుంటూ వచ్చానో ఆ చట్టమే నా మాట విన్నట్టు అనిపించింది. ఇంకేం, మన రెండు జిల్లాల్లో మొదటి సమాజ సేవ ఉత్తర్వు నా కోర్టులోనే రావాలని పట్టుకుంది. పక్క కోర్టులో నాకంటే చిన్నవాడైన ప్రాసిక్యూటరు ఒకడున్నాడు, వాడూ అదే పనిమీద ఉన్నాడని విన్నాను. ఇక నిద్ర ఎక్కడిది.

కేసు దొరికింది. ఊరి పేరు చెప్పను. అప్పటి నా కోర్టుకి గంట దూరంలో, సెమిలిగుడలో బస్సు మారి వెళ్ళే ఊరు, లారీలూ దుకాణాలూ ఒక బస్టాండూ ఉన్న ఊరు అనుకోండి. ఇరవై నాలుగేళ్ళ తెలుగు కుర్రాడు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. అల్యూమినియం ఫ్యాక్టరీలో పనిచేసే కాంట్రాక్టరు ఒకడు, సొంత డ్రిల్లింగ్ మిషన్ ఉంటేనే పనిలోకి రమ్మన్నాడట. తను అంతకుముందు పనిచేసిన దుకాణంలో రిపేరుకి వచ్చి నెలలుగా మూల పడి ఉన్న మిషన్ ఒకటి ఇతను అడక్కుండా పట్టుకుపోయాడు. షాపు కెమెరాలో పడింది. పోలీసులు వెళితే మిషన్ తీసి ఇచ్చేశాడు. కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. సమాజ సేవ చేస్తావా అని మేజిస్ట్రేటు అడిగితే చేస్తానన్నాడు. ఏ పనో, ఎక్కడో అప్పటికి ఎవరూ అనుకోలేదు. పదిహేను రోజులు అని తీర్పు వచ్చింది. స్థలం ప్రాసిక్యూషన్ సూచించాలన్నారు.

రెండు రోజులు ఆగండి, ఇంటికి వెళ్ళి చూసి వస్తాను అని ప్రొబేషన్ ఆఫీసరు అడిగాడు. రెండు రోజులు ఆగితే పక్క కోర్టు వాడు ఆ మొదటి పేరు తన్నుకుపోతాడు. ఫైల్లో అన్నీ ఉన్నాయి కదా, ఒక పేజీ చాలు అన్నాను. ఫైల్లో తండ్రి చనిపోయాడని, తల్లి మునిసిపాలిటీ ఉద్యోగి అని ఉంది. ఆ ముక్క చదివి నేను సంతోషించాను కూడా. సమాజ సేవ అనగానే మనలాంటి వాళ్ళ కళ్ళముందు కనిపించేది ఒక్కటే, చీపురు. మంత్రులు పట్టుకుంటారు, కలెక్టర్లు పట్టుకుంటారు, ఫోటో అయ్యాక పక్కన పెడతారు. ముద్దాయి చేత మునిసిపాలిటీ సఫాయి వాళ్ళతో కలిసి రోజూ పొద్దున్నే బస్టాండు ఊడ్పించాలని, తల్లి అదే ఆఫీసులో ఉద్యోగం కాబట్టి కనిపెట్టుకుని ఉంటుందని రాసి ఇచ్చాను. మేజిస్ట్రేటు ఆ ప్రకారమే మునిసిపాలిటీకి ఉత్తరం పంపాడు. నేను ఊరుకోకుండా, ఫోనుతో వార్తలు తీసి పెట్టే ఒకతని చెవిన వేశాను, సోమవారం పొద్దున్న బస్టాండులో ఒక విశేషం ఉందని.

సోమవారం మొదటి బస్సుకి నేనూ వెళ్ళాను. ప్రాసిక్యూటరు వెళ్ళాల్సిన పనేమీ లేదు. ఆగలేక వెళ్ళాను. మంచు కురుస్తోంది, లారీల హెడ్‌లైట్లు ఇంకా వెలుగుతున్నాయి. బస్టాండు మూల టీ బడ్డీ దగ్గర సఫాయి వాళ్ళ మీద మేస్త్రీ, జమాదార్, హాజరు పిలుస్తున్నాడు. ఎదురుగా ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. పిలిచేవాడు ఒడియాలో పిలుస్తున్నాడు, వాళ్ళలో వాళ్ళు తెలుగు మాట్లాడుకుంటున్నారు. ఈ కొండ ఊళ్ళలో సఫాయి పనివాళ్ళు చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే అని చిన్నప్పటి నుంచీ తెలుసు. మా రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో కూడా వాళ్ళే ఉండేవారు. తెలియడం వేరు, ఫైలు చదివేటప్పుడు గుర్తుకురావడం వేరు.

జమాదార్ చివర్లో ముద్దాయి పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. వరసలోంచి ఒకామె ముందుకొచ్చి, అతని కోసం గోడకి ఆనించి పెట్టిన చీపురు తీసుకుంది. నేను నల్లకోటు వేసుకోకపోయినా ఎవరో చెప్పినట్టున్నారు, నా దగ్గరికి వచ్చింది. ముద్దాయి తల్లి. మునిసిపాలిటీ ఉద్యోగి.

"ఆడు రాడమ్మా," అంది. "ఆడి వాటా నాను ఊడుస్తాను. నా డ్యూటీ అయిపోనాక పదిహేను రోజులూ ఊడుస్తాను. ఆడు వొచ్చేడని కాగితం మీద రాయించీండి."

ఒకరి శిక్ష ఇంకొకరు అనుభవించడానికి చట్టం ఒప్పుకోదని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తడి లేకుండా వచ్చిందో ఇప్పటికీ నా చెవిలో ఉంది. రాకపోతే జైలు పడుతుందని, జైలుకి వెళితే కాంట్రాక్టరు గేటు దగ్గరికి కూడా రానివ్వడని కూడా చెప్పాను.

"అయితే జైల్లోనే ఎట్టీండి. సీపురు మాత్రం ఆడి సేతికి ఇవ్వకండి. జైలుకెళ్ళినోడు తిరిగొస్తాడమ్మా. సీపురు పట్టినోడు మా ఈదిలో ఎవుడూ తిరిగి రాలేదు."

ఫోను పట్టుకున్నతను అప్పటికే వీడియో తీస్తున్నాడు. తల్లి కొడుకు వాటా ఊడుస్తానంటోంది, అతనికి విశేషం దొరికింది. నేను పిలిచిన మనిషిని నేనే పక్కకి తీసుకెళ్ళి బతిమాలుకున్నాను. నా ముందే చెరిపేశాడు. ఆ రోజు నా అదృష్టం అనదగ్గది అదొక్కటే.

డ్యూటీ అయ్యాక తల్లి వెంట వాళ్ళింటికి వెళ్ళాను. బస్టాండు వెనక రెండు వరసల ఇళ్ళు, మధ్యలో ఒక కుళాయి. కుర్రాడు లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తల్లి నాకు మంచినీళ్ళు తెచ్చింది. స్టీలు గ్లాసు, నా ఎదుటే రెండుసార్లు కడిగింది. చేతికి ఇవ్వకుండా స్టూలు మీద పెట్టింది, నేను తీసుకుంటానో లేదోనని పక్కన నిలబడింది. మా ప్రొబేషన్ ఆఫీసరు రెండు రోజుల్లో చూసి వచ్చి ఉంటే ఫైల్లో ఉండాల్సింది ఈ గ్లాసే. తాగాను. తాగుతూ, తాగుతున్నానని ఆమె చూస్తోందా లేదా అని చూశాను. దానికి కూడా సిగ్గుపడ్డాను.

కుర్రాడు గట్టిగా ఏమీ అనలేదు. తండ్రి మునిసిపాలిటీలో సఫాయి పనిలో ఉండగా పోయాడు. ఆ ఉద్యోగం కొడుక్కి ఇస్తామన్నారు. పర్మనెంటు ఉద్యోగం, వీధిలో అందరూ ఎగిరి గంతేసే ఉద్యోగం. తల్లి వద్దంది. తను ఊడుస్తూనే కొడుకుని ఐటీఐ చదివించింది. ఇదంతా చెప్పి, అతను నేలకేసి చూస్తూ అన్నాడు.

"నాలుగేళ్ళ నుంచి పిలుస్తన్నారండి. నాలుగేళ్ళుగా వొద్దంటన్నాను. అది మీరు ఒక్క కాగితంతో నా సేతిలో ఎట్టీసేరు. నాను పని సేయననలేదండి. ఇంకేటి సెప్పినా సేస్తాను."

పద అన్నా పాపమే, వద్దన్నా పాపమే. అతను రాలేదని జమాదార్ రాయాల్సిన చోట రాసేశాడు. రెండో రోజు కూడా రాకపోతే కోర్టుకి రిపోర్టు వస్తుంది, దాని మీద లేచి నిలబడి జైలు అడగాల్సింది నేనే. ఆ గదిలో కూర్చోలేక బయటికి వచ్చేశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది. ఆ రోజు నేను తొక్కిన అడుసు నా కాళ్ళకి కాదు, ఆ కుర్రాడి కాళ్ళకి అంటుకుంది.

తిరుగు బస్సులో సీటు ఉన్నా నిలబడే వెళ్ళాను. తిన్నగా ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. దెప్పుతాడనుకున్నాను. దెప్పితే తిరిగి పోట్లాడవచ్చని కొంచెం ఆశ కూడా ఉంది. ఆయన అంతా విని, ఒడియాలో మెల్లిగా, ఉద్యోగి అని రాసి ఉంటే ఏ ఉద్యోగి అని ఒక్క ప్రశ్న అడగాల్సింది మేడమ్ అన్నాడు. అంతే. తర్వాత గొడుగు తీసుకుని లేచాడు. ఊరికి దగ్గర్లో ఒక ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉందని, మగపిల్లల హాస్టల్లో సగం ఫ్యాన్లు తిరగడం లేదని, లైట్లు బాగుచేసే మనిషి కోసం హెడ్మాస్టరు నెలలుగా తిరుగుతున్నాడని ఆయనకి ముందే తెలుసు. అక్కడికి వెళ్ళి సాయంత్రానికల్లా కావాల్సిన ఉత్తరం పట్టుకొచ్చాడు. వారం పట్టే మనిషి ఒక్క పూటలో చేశాడు. ఇన్నేళ్ళలో ఆయన తొందరపడగా చూడటం అదొక్కసారే.

మంగళవారం కుర్రాడు మళ్ళీ హాజరు కాలేదు. అదే రోజు నేను కోర్టులో మెమో వేశాను. సంతకం చేసిన తీర్పు మార్చడానికి లేదు. కానీ తీర్పులో పదిహేను రోజుల సమాజ సేవ అని మాత్రమే ఉంది, బస్టాండు మాట విడిగా పంపిన ఉత్తరంలో ఉంది. ఉత్తరం మార్చవచ్చు. కాకపోతే ఎందుకు మార్చాలో నలుగురి ముందూ చెప్పాలి. లీగల్ ఎయిడ్ లాయరు, అంటే ముద్దాయి తరఫు మనిషి, తన కేసు అయిపోయిందని అప్పటికే వెనక బెంచీలో సెల్లు చూసుకుంటున్నాడు. నేను లేచేసరికి తల ఎత్తి, కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ అన్నాడు. అతనూ తెలుగువాడే. అందరికీ వినిపించేలాగే అన్నాడు, కొంతమంది నవ్వారు.

మేజిస్ట్రేటు మా పెద్దమ్మాయి కంటే చిన్నవాడు, పుస్తకం విడిచి సాము చేసే రకం కాదు. మెమో రెండుసార్లు చదివాడు. చదివి, ఊడవడం అవమానమని ప్రాసిక్యూషన్ వాదనా అని అడిగాడు.

సూటి ప్రశ్న. అవునంటే ఆ ఎనిమిది మంది ఆడవాళ్ళనీ కోర్టులో నిలబెట్టి అవమానించినట్టు. కాదంటే మెమో చెల్లదు. ముప్పై ఏళ్ళుగా అవతలి వాళ్ళని ఇలాంటి ప్రశ్నల్లో ఇరికించి సంతోషించినదాన్ని.

"అవమానమని కాదు సార్," అన్నాను. "అది అతని తల్లి ఉద్యోగం. దాన్ని మనం శిక్ష అని రాశాం. తల్లి పని ఏమిటో కనుక్కోకుండా రాసిచ్చింది నేను. ఈ పొరపాటు ముద్దాయిది కాదు, ప్రాసిక్యూషన్‌ది. నాది."

ఆ చివరి మాట అవసరం లేదని పేష్కార్ తర్వాత అన్నాడు. రికార్డులోకి ఎక్కనివ్వండి అన్నాను. మేజిస్ట్రేటు పాఠశాల పేరుతో కొత్త ఉత్తరం పంపమన్నాడు. రాని రెండు రోజులు చివర్లో కలిపాడు. నా వైపు చూడకుండా తర్వాతి కేసు పిలిచాడు.

ముగింపు చల్లగా ఉంటుందని అనుకోకండి. కుర్రాడు హాస్టల్లో పని శ్రద్ధగా చేశాడు, ఒక్క రోజు మానలేదు. ఫ్యాన్లన్నీ తిరిగాయి. ఈలోపు కాంట్రాక్టరు ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు పాసు అతనికి రాలేదు. ఇప్పుడు టౌన్‌షిప్ క్వార్టర్లలో మిక్సీలు, మోటార్లు బాగుచేస్తూ బతుకుతున్నాడని ప్రొబేషన్ ఆఫీసరు చెప్పాడు. తండ్రి ఉద్యోగంలో మాత్రం చేరలేదు. ఒకసారి సెమిలిగుడ జంక్షన్‌లో కనిపించాడు. నన్ను చూసి మొహం తిప్పుకుని వేరే బస్సు ఎక్కాడు. ఎక్కనీ. నేను చేసింది ఉపకారమని అతను అనుకోవాల్సిన పనేమీ లేదు. పక్క కోర్టు వాడి ఉత్తర్వు తర్వాత వచ్చింది. కాబట్టి రెండు జిల్లాల్లో మొదటిది నాదే. ఆ మాట శిక్షణ తరగతిలో నన్ను పరిచయం చేసినప్పుడు చదివారు కూడా.

ఆ కొత్త ఉత్తరం వచ్చిన మర్నాడు జరిగింది ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను.

ఉత్తరం దారి ఉత్తరానిది, ముందు నా నోటితో నేనే తల్లికి చెప్పాలని మళ్ళీ మొదటి బస్సు పట్టుకున్నాను. చూశారా, బుద్ధి రాలేదు. వాళ్ళు బస్టాండు సగం ఊడ్చారు. తల్లికి విషయం చెప్పాను. ఆమె చేతులు చీరకి తుడుచుకుని, నా కాళ్ళకి వంగబోయింది, వెనక్కి జరిగాను. ఏడవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళు చీపుళ్ళు ఆపి చుట్టూ చేరారు. వాళ్ళలో ఒక ముసలామె, పళ్ళకి గుడాకు, అదే పొగాకు ముద్ద, రుద్దుకుంటూ వింటున్న ఆమె, తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "ఏడవకే అమ్మీ, మంచే జరిగింది కదేటి," అంది. నోరు కడుక్కుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మీరు సదువుకున్నోరు, మీకు తెలుస్తాది. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండమ్మా. ఆ గుంటడు దొంగతనం సేసేడు, పదిహేను రోజులు రాసేరు. పదమూడేళ్ళప్పుడు ఈ సీపురు పట్టుకున్నాను నాను. నాకు ఏటి సేసేనని రాసేరు? ఎన్ని రోజులకి రాసేరు?"

ఎత్తిపొడుపు కాదు. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టే అడిగింది. తక్కినవాళ్ళు కూడా నవ్వలేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. కండక్టరు సెమిలిగుడ, సెమిలిగుడ అని అరుస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి ఎక్కేద్దామని నోరు తెరిచాను.

"తెలీదమ్మా," అన్నాను.

ఆమె సరేనని తల ఊపింది. బస్సు దాకా పోగుపడి ఉన్న చెత్తని చీపురుతో పక్కకి లాగి, నేను నడవడానికి దారి చేసింది.